కుండీ మొక్కల సంరక్షణ – 5వ పాఠం: చలి దెబ్బ తిన్న మొక్క

కుండీని ఎత్తి, బరువును బట్టి నీళ్లు పోయాలో వద్దో తేల్చుకోవడం కిందటి పాఠంలో నేర్చుకున్నాం. ఆ అలవాటు ఇవాళ చాలా అవసరం. చలిని తట్టుకుని బతికిన మొక్క కూడా, ఆ తర్వాత మనం కంగారుగా పోసే నీళ్లకు చచ్చిపోవచ్చు.

మంచు గడ్డకడితేనే దెబ్బ తగులుతుందని అనుకోకండి. చాలా ఉష్ణమండల మొక్కలకు 10 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కష్టాలు మొదలవుతాయి. అగ్లోనిమా లాంటి సుకుమారమైనవి అంతకంటే ముందే డీలా పడతాయి. చలికి కణాల చుట్టూ ఉండే పొరలు బిగుసుకుపోయి, లోపలి ద్రవం బయటికి కారుతుంది. ఆకు మీద నీళ్లలో నానినట్టు కనిపించే నల్లటి మచ్చలు అలా వచ్చినవే. ఒక్కోసారి అవి మొక్కను లోపలికి తెచ్చిన రెండు మూడు రోజులకు గానీ బయటపడవు. వెచ్చగా పెట్టాక ఇంకా పాడవుతోందేమిటని టెన్షన్ పడొద్దు. ఆ దెబ్బ ముందే తగిలింది, ఇప్పుడు కనిపిస్తోందంతే.

చలికి వేర్లు కూడా మందగిస్తాయి. మట్టి తడిగానే ఉన్నా నీరు పైకి అందక ఆకులు వేలాడతాయి. చూస్తే అచ్చం దాహంలా ఉంటుంది. ఇక్కడే చెంబు అందుకోవాలనిపిస్తుంది, ఆగండి. కుండీ బరువుగా ఉంటే చుక్క కూడా పోయొద్దు. తేలికైతేనే, అదీ గది వేడికి వచ్చిన నీళ్లే పోయండి.

మొక్కను 18 నుంచి 24 డిగ్రీల మధ్య ఉండే చోట, బాగా వెలుతురు వచ్చేలా, నేరుగా ఎండ తగలకుండా ఉంచండి. హీటర్ పక్కన పెట్టకండి. కొత్త ఆకు విచ్చుకునే దాకా ఎరువు వద్దు.

ఇక కత్తిరింపు. ఈ పాఠంలో అసలు నేర్పు ఇదే. కాండాన్ని వేళ్ల మధ్య మెల్లగా నొక్కండి. మెత్తగా దిగిపోయి, తడి అంటుకుంటూ వాసన వస్తుంటే అది కుళ్లు, ఆలస్యం చేస్తే కిందికి పాకుతుంది. స్పిరిట్‌తో తుడిచిన కత్తితో గట్టి భాగం దాకా కోసేయండి. కోసిన చోట మధ్యలో గోధుమరంగు కనిపిస్తే ఇంకాస్త కిందికి కోయండి.

మిగతా దేన్నీ ఇప్పుడే ముట్టుకోవద్దు. సగం నల్లబడిన ఆకులో మిగతా సగం పచ్చగా ఉంటే అది ఇంకా మొక్కకు ఆహారం తయారుచేస్తూనే ఉంటుంది. చూడ్డానికి బాగోలేదని దాన్ని తీసేయడం నా దృష్టిలో అన్యాయం. మందార, క్రోటన్ లాంటి చెక్కబారే కొమ్మలు ఎండినట్టుంటే, గోటితో బెరడును కొంచెం గీకి చూడండి. కింద పచ్చగా, తడిగా ఉంటే ఆ కొమ్మ బతికే ఉంది. గోధుమరంగులో పొడిగా ఉంటే మరికాస్త కింద గీకండి. పచ్చదనం ఎక్కడ మొదలైందో గుర్తుపెట్టుకోండి గానీ కత్తెర వేయకండి. చిగుళ్లు వచ్చాక, వాటికి కొంచెం పైన కోస్తే సరిపోతుంది.

చిగురు రావడానికి వారాలు పట్టొచ్చు, ఒక్కోసారి నెలలు. పై కొమ్మలన్నీ పోయినా మొదలు గట్టిగా ఉంటే మొక్కను పారేయకండి, కణుపుల్లోంచో మట్టిలోంచో చిగురు రావచ్చు.

ఈ వారం అభ్యాసం: మీ మొక్క కాండాన్ని పైనుంచి కిందిదాకా నొక్కి చూసి, ఎక్కడ మెత్తగా ఉందో, ఎక్కడ గట్టిగా ఉందో రాసుకోండి. వచ్చే పాఠంలో కుండీలోంచి మొక్కను తీసి వేర్లను పరీక్షిద్దాం.