చెన్నైలో నెల రోజుల బసకు

చికిత్స కోసం చెన్నై వచ్చేవారు ఊళ్లో ఉండగానే నెలంతటికీ గది ఖాయం చేసుకోకండి. ముందు రెండు రాత్రులకే తీసుకోండి. మర్నాడు అపోలో ఆసుపత్రి ఉన్న గ్రీమ్స్ రోడ్డు చుట్టుపక్కల సందుల్లో తిరిగి చూడండి. రోగుల బంధువులకు వారం, నెల లెక్కన ఇచ్చే గదులు అక్కడ చాలా ఉంటాయి. "రోజుకు ఎంత?" అనకుండా "నెలకు ఎంత?" అని అడగండి, బేరం అక్కడే మొదలవుతుంది. అక్కడ అద్దె భారమైతే సైదాపేట వైపు వెతకండి. గ్రీమ్స్ రోడ్డుకు దగ్గర్లోని థౌజండ్ లైట్స్, సైదాపేట నుంచి మెట్రోలో నాలుగో స్టేషనే.

గ్యాసు పొయ్యి ఉన్న గదికి కాస్త ఎక్కువైనా ఇవ్వండి. ఆపరేషన్ అయిన మనిషికి రోజూ హోటలు సాంబారు పెట్టలేం కదా! మా అమ్మ ఆ నెలంతా చారన్నంతోనే కోలుకుంది.

కరెంటు బిల్లు విడిగా కట్టాలని మాకు గది ఖాళీ చేసే రోజున చెప్పారు. ఎంత వాడామో చూపడానికి మా దగ్గర ఆధారమే లేదు. అందుకే చేరిన రోజే మీటరు అంకెలు ఫోటో తీసుకోండి. కుళాయి నీళ్లు ఒక గుక్క నోట్లో వేసుకుని చూడండి. ఉప్పగా ఉంటే తాగునీటి క్యాన్ల ఖర్చూ కలుపుకోవాలి. అడ్వాన్సు తిరిగిచ్చే షరతు రసీదు మీదే రాయించుకోండి.