పాత పారిశ్రామికవాడలో వీధులు, కాలువలు మారుతుంటే ఫొటోలు తీయడం ఎలా?

ఫ్యాక్టరీలు మూతపడ్డ వాడకు కెమెరాతో వెళ్లినవాళ్లు ఎక్కువగా పగిలిన కిటికీలు, తుప్పు పట్టిన గేట్లు తీసుకుని వచ్చేస్తారు. ఫొటోలు బాగానే ఉంటాయి. కానీ కొన్నేళ్లకు అక్కడ అపార్ట్‌మెంట్లు లేచాక, ఆ గేటు ఏ వీధిలో, ఎటు తిరిగి ఉండేదో తీసినవాళ్లే చెప్పలేరు. మార్పు కనపడాలంటే ఒకే చోట నిలబడి మళ్లీ మళ్లీ తీయాలి. ఫోన్ కెమెరా చాలు, కావలసిందల్లా కాస్త పద్ధతి.

1. ముందు పాత మ్యాప్ చూడండి

లైబ్రరీలో గానీ, మున్సిపల్ రికార్డుల్లో గానీ ఆ ప్రాంతం పాత మ్యాప్ దొరుకుతుందేమో వెతకండి. అది చేతిలో ఉంటే భవనాలు అలా ఎందుకున్నాయో అర్థమవుతుంది. బొగ్గు, ముడిసరుకు పడవల మీద వచ్చిన రోజుల్లో చాలా మిల్లులకు అసలు గుమ్మం కాలువ వైపే. మాంచెస్టర్‌లోని ఆన్‌కోట్స్‌లో మరేస్ మిల్స్ కట్టడం 1798లో మొదలైంది. వాటి ఆవరణ మధ్యలోనే పడవలు ఆగే రేవు ఉండేది, అక్కడి నుంచి రోచ్‌డేల్ కెనాల్‌కు సొరంగం ఉండేది. ఇప్పుడవి ఫ్లాట్లు. ఇలాంటి భవనాన్ని వీధి వైపు నుంచే తీస్తే సగం కథ పోయినట్టే.

2. చోట్లు తక్కువగా ఎంచుకోండి

పది చోట్లు చాలు. ఏది కూలబోతోందో ఆ పారిశ్రామికవాడే చెబుతుంది: స్తంభాలకు కట్టిన అనుమతి నోటీసులు, రోడ్డు మీద సర్వేవాళ్లు వేసిన రంగు గుర్తులు, కొత్తగా లేచిన రేకుల ప్రహరీ. అయితే మీరు నిలబడే చోటు మాత్రం కూలేది కాకూడదు. నన్నడిగితే వంతెనను మించింది లేదు. అక్కడి నుంచి వీధీ కనిపిస్తుంది, కాలువా కనిపిస్తుంది, పైగా వంతెనల్ని అంత తొందరగా తీసేయరు.

గొప్ప కట్టడాలనే వెతకకండి, వాటిని అందరూ తీస్తారు. 19వ శతాబ్దం మధ్యలో పారిస్‌లో ఓస్‌మాన్ అనే ప్రభుత్వాధికారి పాత సందులు కొట్టించి వెడల్పాటి రోడ్లు వేయిస్తున్నప్పుడు, పోబోయే ఆ సందుల్నే ఫొటోగ్రాఫర్ షార్ల్ మార్విల్ నగరపాలక సంస్థ కోసం 400కు పైగా ఫొటోలు తీశాడు. మామూలు దుకాణాలు, గోడల మీది ప్రకటనలు, తడిసిన రాళ్ల బాట. ఆ సందులు ఎలా ఉండేవో ఇవాళ తెలుస్తోందంటే అందుకే.

3. నిలబడిన చోటును కచ్చితంగా పట్టుకోండి

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. జీపీఎస్‌ను నమ్ముకుంటే కొన్ని మీటర్లు తేడా వస్తుంది, ఎత్తైన గోడల మధ్య ఇంకా ఎక్కువ. దానికి బదులు దగ్గరున్న వస్తువునూ దూరంగా ఉన్నదాన్నీ జత చేసి చూసుకోండి. ఉదాహరణకు, దీపస్తంభం అంచు వెనకున్న పొగగొట్టం అంచును సరిగ్గా తాకేచోట ఆగి ఫొటో తీయండి. కెమెరా ఎత్తు, ఏ లెన్స్ వాడారు, ఎటు తిరిగి తీశారు అన్నవి అక్కడే రాసుకోండి.

మళ్లీ వెళ్లినప్పుడు పాత ఫొటో ప్రింట్ చేతిలో ఉండాలి. మీరు కుడికి జరిగితే దగ్గరున్న స్తంభం వెనకున్న పొగగొట్టానికి ఎడమగా జరిగినట్టు కనిపిస్తుంది, ఎడమకు జరిగితే కుడిగా. పాత ఫొటోతో పోలిస్తే స్తంభం పొగగొట్టం కన్నా మరీ పెద్దదిగా ఉంటే, ముందుకొచ్చేశారన్నమాట. వెనక్కి జరగండి. జూమ్‌తో ఈ తేడా సరికాదు, కాళ్లతోనే సరిచేసుకోవాలి.

4. వెలుతురు

మబ్బు పట్టిన రోజు మంచిది. జర్మన్ ఫొటోగ్రాఫర్లు బెర్న్‌ట్, హిల్లా బెహర్ దంపతులు 1959 నుంచి దశాబ్దాల పాటు నీళ్ల ట్యాంకులు, కొలుములు, గని గోపురాలు ఇలాంటి ఆకాశం కిందే తీశారు. నీడలు అడ్డం రావు, ఎప్పుడు తీసిన ఫొటోలనైనా పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు. ఎండలోనే తీయాలనుకుంటే ఒక చిట్కా: జూన్ 21కి రెండు వైపులా సమదూరంలో ఉన్న తేదీల్లో సూర్యుడు దాదాపు ఒకే దారిలో వెళ్తాడు. ఏప్రిల్ 20న తీసింది కుదరకపోతే ఏడాది ఆగక్కర్లేదు, ఆగస్టు 22 ప్రాంతంలో అదే గంటకు వెళ్లండి. చెట్ల ఆకులు మాత్రం మన చేతిలో లేవు.

5. నీళ్లు

గాలి లేని తెల్లవారుజామున కాలువలో భవనం పూర్తిగా కనిపిస్తుంది. నీళ్లలో ప్రతిబింబం అసలు భవనం కన్నా ఎప్పుడూ కాస్త చీకటిగానే ఉంటుంది, కంగారుపడి ఫొటో మొత్తాన్ని వెలిగించకండి. భవనం మీద ఎక్స్‌పోజర్ లాక్ చేసి, అంటే వెలుతురు కొలతను భవనానికి తగ్గట్టు కదలకుండా పెట్టి, తీయండి. పోలరైజర్ (నీళ్ల మీది ప్రతిబింబాన్ని తగ్గించే ఫిల్టర్) ఉంటే రెండుసార్లు తీయండి: ఒకటి ప్రతిబింబంతో, ఒకటి అది లేకుండా. నీటిమట్టానికి సుమారు 37 డిగ్రీల కోణంలో చూసినప్పుడు ఆ ఫిల్టర్ బాగా పనిచేస్తుంది.

వంతెన కింద మూలల్ని దగ్గరగా చూడండి. ఇంగ్లండ్‌లో గుర్రాలు పడవల్ని లాగిన కాలువల మీద, మోకులు రాసుకుని రాసుకుని రాతిలో, ఇనుప పట్టీల్లో వేలు పట్టేంత గాళ్లు పడ్డాయి. పక్క నుంచి వెలుతురు పడేటప్పుడు తీస్తే ఒక్కో గాడీ తెలుస్తుంది. ఇక మరమ్మతు కోసం కాలువలో నీళ్లు తీసేశారని తెలిస్తే మిగతా పనులన్నీ ఆపుకుని వెళ్లండి. అడుగున ఏముందో చూసే అవకాశం మళ్లీ ఎప్పుడొస్తుందో.

ఒక్క జాగ్రత్త: గట్టు మీద కెమెరాలోంచి చూస్తూ వెనక్కి నడవకండి. లాకుల దగ్గర రాళ్లు నాచు పట్టి జారతాయి, నీళ్లలో పడితే పైకి ఎక్కడానికి పట్టు దొరకదు. పాడుబడ్డ భవనాల్లోకి అనుమతి లేకుండా వెళ్లడం మానేయండి.

6. మనుషుల్ని అడిగి తీయండి

ఇంకా నడుస్తున్న లేత్ షెడ్డు, మెకానిక్ షాపు ఉంటే ముందు కెమెరా దించి మాట్లాడండి. వద్దంటే వద్దు. ఒప్పుకుంటే మళ్లీ వచ్చేటప్పుడు ప్రింట్ పట్టుకెళ్లండి. అది చూసి వాళ్లే పక్కన ఏముండేదో చెప్పడం మొదలుపెడతారు.

7. రాసి దాచుకోండి

ఫైల్ పేరు ముందు తేదీ, తర్వాత చోటు నంబర్ పెట్టండి: 2025-04-20-చోటు-03. కెమెరా గడియారం సరిగ్గా ఉందో లేదో ముందే చూసుకోండి. కాపీలు కనీసం మూడు, అందులో ఒకటి ఇంట్లో కాకుండా వేరే చోట.

మామూలుగా మూడు నెలలకోసారి వెళ్తే సరిపోతుంది. కూల్చివేత మొదలైతే వారానికోసారి, కొత్త కట్టడం పూర్తయ్యాక ఏడాదికోసారి. ఎప్పుడైనా మీరు నిలబడే చోటే మూసేస్తారని తెలిస్తే, అది మూసే లోపు దగ్గర్లో ఇంకో చోటు చూసుకుని, ఒకే రోజు రెండు చోట్ల నుంచీ తీయండి. ఆ జత ఉంటే పాత వరుస తెగకుండా కొత్త చోటు నుంచి కొనసాగుతుంది.