క్లాసు గదిలోకి మెదడు శాస్త్రం: బ్రిటన్‌లో ఎడ్యుకేషనల్ న్యూరోసైన్స్ పీజీకి దరఖాస్తు విధానం

బ్రిటన్‌లో పీజీకి మన ఐసెట్, ఎడ్‌సెట్ లాంటి ఉమ్మడి పరీక్షా లేదు, కౌన్సెలింగూ లేదు. ఏ యూనివర్సిటీకి ఆ యూనివర్సిటీ పోర్టల్‌లోనే అకౌంటు తెరిచి దరఖాస్తు పెట్టాలి. మెదడు గురించి తెలిసినదాన్ని బోధనకు అన్వయించే ఎడ్యుకేషనల్ న్యూరోసైన్స్‌కూ అంతే. లండన్‌లో బర్క్‌బెక్, యూసీఎల్ (యూనివర్సిటీ కాలేజ్ లండన్) యూనివర్సిటీల పరిశోధకులు కలిసి 2008లో సెంటర్ ఫర్ ఎడ్యుకేషనల్ న్యూరోసైన్స్ పెట్టారు. ఈ సబ్జెక్టు కోసం వెతికేవాళ్లు అక్కణ్నుంచే మొదలుపెట్టడం మంచిది. చాలా చోట్ల ఇదే విషయం సైకాలజీ ఆఫ్ ఎడ్యుకేషన్ పేరుతోనో, ఎంఏ ఎడ్యుకేషన్‌లో ఒక భాగంగానో ఉంటుంది. కాబట్టి కోర్సు పేరు చూసి ఊరుకోకుండా మాడ్యూళ్ల (కోర్సులోని పాఠ్యాంశాల) జాబితా తెరవండి. కోర్సులు ఏటా మారుతుంటాయి, కొన్ని ఆగిపోతుంటాయి కూడా. పాత యూట్యూబ్ వీడియోని నమ్ముకుని బయల్దేరకండి.

సైకాలజీయో బయాలజీయో చదివినవాళ్లకే ఇది అని చాలామంది అనుకుంటారు. నిజానికి బీఎడ్ చేసి బడిలో పాఠాలు చెబుతున్నవాళ్లూ అర్హులే. మన మూడేళ్ల డిగ్రీ అక్కడ చెల్లుతుంది. మార్కుల శాతం ఎంత ఉండాలన్నది యూనివర్సిటీని బట్టి, ఒక్కోసారి మీరు చదివిన యూనివర్సిటీని బట్టి మారుతుంది. ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో చాలా చోట్ల 6.5 లేదా 7 అడుగుతారు, ఒక్కో సెక్షన్‌కి విడిగా కనీస స్కోరు కూడా ఉంటుంది. డిగ్రీ స్థాయి కోర్సులకు మామూలు అకడమిక్ పరీక్ష సరిపోతుందా, వీసా కోసం విడిగా పెట్టే యూకేవీఐ రకమే కావాలా అన్నది యూనివర్సిటీ చెబుతుంది. అడిగి తెలుసుకున్నాకే ఫీజు కట్టండి.

కాగితాల్లో కావలసినవి పాస్‌పోర్టు, కన్సాలిడేటెడ్ మార్క్స్ మెమో, ప్రొవిజనల్ లేదా ఓడీ (ఒరిజినల్ డిగ్రీ), బీఎడ్ ఉంటే ఆ మెమోలు, సీవీ, పనిచేసిన బడి నుంచి సర్వీస్ సర్టిఫికెట్. మనవాళ్లను ఎక్కువగా ఏడిపించేది పేరు. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందుంటుంది, డిగ్రీలో అది ఒక్క అక్షరం ఇనీషియల్ అయిపోతుంది, పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉండి మొత్తం పేరు గివెన్ నేమ్‌లో పడుతుంది. దరఖాస్తులోనూ, ఐఈఎల్‌టీఎస్‌లోనూ పాస్‌పోర్టులో ఎలా ఉంటే అక్షరం పొల్లుపోకుండా అలాగే రాయండి. పాస్‌పోర్టే సరిదిద్దించుకోవాలనుకుంటే ఆ పని మొదట చేయండి. పరీక్ష రాశాక పేరు మారితే తలనొప్పి రెట్టింపవుతుంది.

ఇక అసలైనది పర్సనల్ స్టేట్‌మెంట్. సాధారణంగా ఒకటి రెండు పేజీలు. సీటు ఇక్కడే వస్తుంది, ఇక్కడే పోతుంది. కన్సల్టెన్సీలు రాసిచ్చేవాటిలో మొదటి వాక్యం దాదాపు ఒకేలా ఉంటుంది: మానవ మెదడు అద్భుతమైనది, చిన్నప్పటి నుంచీ నాకు దానిపై ఆసక్తి. చదివే ప్రొఫెసర్‌కి దీనివల్ల మీ గురించి ఏమీ తెలియదు. అంతకన్నా ప్రమాదం, ఆ ఉత్సాహంలో మెదడు పేరిట చలామణీ అయ్యే అపోహల్ని నిజాలుగా రాసేయడం. కొందరు పిల్లలు చూసి, కొందరు విని నేర్చుకునే రకమనీ, ఎడమ మెదడు వాళ్లు లెక్కల్లో, కుడి మెదడు వాళ్లు బొమ్మల్లో దిట్టలనీ, మెదడులో 10 శాతమే వాడతామనీ రాస్తే సీటు పోయినట్టే. ఈ రంగం ఎన్నో ఏళ్లుగా పోరాడుతున్నది సరిగ్గా వీటితోనే. 2012లో బ్రిటన్, నెదర్లాండ్స్‌లలో 242 మంది టీచర్లను పరిశీలిస్తే ఇలాంటి అపోహల్లో సగటున సగం దాకా నమ్ముతున్నారని తేలింది. మన ఊళ్లలో పిల్లల కళ్లకు గంతలు కట్టి చదివించే మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్ క్లాసులకు వేలకు వేలు పోసిన తల్లిదండ్రులు ఉన్నారు. అలాంటి సెంటర్‌లో పనిచేసిన అనుభవం ఉంటే, దాన్ని గొప్పగా కాక ప్రశ్నగా రాయండి.

మరి ఏం రాయాలి? మీ క్లాసులో మీరు కళ్లారా చూసిన ఒక్క చిక్కు తీసుకోండి. ఆరో తరగతి పిల్లల్ని మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా అని అడగండి. ఎక్కాలు గడగడా అప్పజెప్పే పిల్ల కూడా నాలుగో వంతే పెద్దదంటుంది, మూడు కన్నా నాలుగు పెద్దది కదా. రొట్టె కోసి చూపిస్తే ఒప్పుకుంటుంది, వారం తర్వాత మళ్లీ అదే జవాబు. తెలియక కాదు. ఏళ్ల తరబడి పాతుకుపోయిన అలవాటు ముందుకు దూకుతోంది, దాన్ని ఆపుకోవడం ఇంకా కుదరడం లేదు. ఇలా మొదట తోచిన జవాబును ఆపి ఆలోచించడాన్ని ఇన్హిబిటరీ కంట్రోల్ అంటారు. లండన్ సెంటర్ పరిశోధకులే అన్‌లాక్ అనే ప్రాజెక్టులో ప్రైమరీ పిల్లలకు లెక్కల్లో, సైన్స్‌లో 'ఆగి ఆలోచించు' అనే అభ్యాసం చేయించి ఫలితాలు చూశారు. మీ భిన్నాల చిక్కు రాసి, ఈ పనిని చదివానని చెప్పి, అరవై మంది ఉన్న మన క్లాసులో ఇది నిలుస్తుందా అని అడిగితే స్టేట్‌మెంట్‌కి ప్రాణం వస్తుంది.

భాష టీచర్లకైతే ఇంకా మంచి సరుకు చేతిలోనే ఉంది. చదవడం గురించిన పరిశోధనలో పెద్ద భాగం ఇంగ్లిష్ మీద జరిగింది, అక్కడ ఉన్నవి 26 అక్షరాలు. మన పిల్ల గుణింతాలు, ఒత్తులు కలుపుకుంటే వందల రూపాలు గుర్తుపట్టాలి. అందుకే అక్షరాల మీద పట్టు ఏళ్ల తరబడి మెల్లగా వస్తుంది. ఇక్కడ రెండో తరగతిలో తడబడే పిల్లవాడికి డిస్‌లెక్సియా (చదవడంలో పుట్టుకతో వచ్చే ఇబ్బంది) ఉందా, లేక మన లిపికి పట్టే మామూలు సమయమేనా? ఈ ప్రశ్నను లండన్‌లో పుట్టి పెరిగినవాళ్ల కన్నా మీరు బాగా అడగగలరు. చివర్లో ఆ కోర్సులోని ఏ మాడ్యూల్ దీనికి పనికొస్తుందో పేరు పెట్టి రాయండి. ఒకే స్టేట్‌మెంట్‌లో యూనివర్సిటీ పేరు మార్చి ఐదు చోట్లకు పంపితే ఈ చివరి పేరా దగ్గరే దొరికిపోతారు.

రిఫరెన్సులు మామూలుగా ఇద్దరివి. ఒకరైనా చదువు చెప్పినవారు ఉండాలి. సంస్థ మెయిల్ ఐడీ నుంచే రావాలని చాలా చోట్ల షరతు. మన కాలేజీల్లో సగం మంది లెక్చరర్లు జీమెయిలే వాడతారు కాబట్టి సార్‌నో మేడమ్‌నో నెల ముందే అడిగి, ఏ మెయిల్ ఇస్తారో తేల్చుకోండి.

స్కాలర్‌షిప్ కావాలంటే దరఖాస్తు కన్నా ముందే కదలాలి. బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చెవెనింగ్ స్కాలర్‌షిప్‌ను ఆగస్టు ప్రాంతంలో తెరిచి అక్టోబరులో మూసేస్తారు, చదువు మొదలయ్యేది మరుసటి ఏడాది. దానికి 2,800 గంటల పని అనుభవం చూపాలి, మూడు కోర్సులు ఎంచుకోవాలి, చదువయ్యాక తిరిగొచ్చి కనీసం రెండేళ్లు మన దేశంలో ఉండాలి. బడిలో పూర్తికాలం పనిచేసినవాళ్లకు ఆ గంటలు దాదాపు రెండేళ్లలో నిండుతాయి. తెలంగాణ ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద రూ.20 లక్షల దాకా వస్తుంది, దరఖాస్తు రాష్ట్ర ప్రభుత్వ ఈపాస్ వెబ్‌సైట్‌లో, కుటుంబ ఆదాయం ఏడాదికి రూ.5 లక్షల లోపు ఉండాలి. ఎస్సీలకూ మరికొన్ని వర్గాలకూ కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌కు ఆదాయ పరిమితి రూ.8 లక్షలు, వయసు 35 లోపు, యూనివర్సిటీకి క్యూఎస్ ప్రపంచ ర్యాంకు 500 లోపు. ఈ పథకాలన్నిటికీ ఆ ఏడాది నోటిఫికేషనే ప్రమాణం. మీ కోర్సు వాళ్ల జాబితాలో ఉందో లేదో అందులోనే చూడండి.

ఆఫర్ వచ్చాక డిపాజిట్ కట్టి, షరతులు పూర్తిచేస్తే యూనివర్సిటీ క్యాస్ నంబరు (సీటు ఖాయమైందని చెప్పే నంబరు) ఇస్తుంది. వీసా దరఖాస్తుకు అదే తాళంచెవి. కోర్సు మొదలయ్యే తేదీకి ఆరు నెలల ముందు నుంచీ వీసాకు పెట్టుకోవచ్చు. వీసా ఫీజు 2025 ఏప్రిల్‌లో 524 పౌండ్లకు పెరిగింది. ఆరోగ్య సర్‌చార్జి ఏడాదికి 776 పౌండ్లే అయినా, ఏడాది మాస్టర్స్‌కి వీసా నాలుగు నెలలు అదనంగా ఇస్తారు కనుక మొత్తం 1,164 పౌండ్లు పడుతుంది. దీన్ని బడ్జెట్‌లో మర్చిపోయేవాళ్లే ఎక్కువ. ఫీజులు పెరుగుతుంటాయి, కట్టే రోజున బ్రిటన్ ప్రభుత్వ సైట్‌లోనే చూసుకోండి.

బ్యాంకులో చూపాల్సిన డబ్బు మిగిలిన ట్యూషన్ ఫీజు, దానికి తోడు తొమ్మిది నెలల ఖర్చు. 2025 నవంబర్ 11 నుంచి లండన్‌లో నెలకు 1,529 పౌండ్లు, బయట 1,171. అంటే లండన్‌కి 13,761 పౌండ్లు. ఆ మొత్తం వరుసగా 28 రోజులు ఖాతాలో ఉండాలి. మధ్యలో ఒక్కరోజు తగ్గినా తిరస్కరణే. పొలం పత్రాలు, షేర్లు లెక్కలోకి రావు. అమ్మానాన్నల ఖాతా అయితే మీ జనన ధ్రువపత్రం, వాళ్ల అంగీకార లేఖ జతచేయాలి. బర్త్ సర్టిఫికెట్ లేనివాళ్లు ఆ పనిని ఇప్పుడే మొదలుపెట్టండి. ఎడ్యుకేషన్ లోన్ అయితే మంజూరు లేఖ విద్యార్థి పేరునే ఉండాలి.

టీబీ పరీక్ష తప్పనిసరి, బ్రిటన్ ఆమోదించిన క్లినిక్‌లోనే. సర్టిఫికెట్ ఆరు నెలలే చెల్లుతుంది కాబట్టి మరీ ముందుగా చేయించుకోవద్దు. వేలిముద్రలు వీసా దరఖాస్తులు తీసుకునే వీఎఫ్‌ఎస్ కేంద్రంలో. కొందరికి వీడియో ఇంటర్వ్యూ ఉంటుంది: ఈ కోర్సే ఎందుకు, ఈ యూనివర్సిటీయే ఎందుకు, తిరిగొచ్చి ఏం చేస్తారు? కన్సల్టెన్సీ రాసిచ్చిన స్టేట్‌మెంట్‌తో సీటు సంపాదించినవాళ్లు నీళ్లు నమిలేది ఇక్కడే. భిన్నాల దగ్గర తప్పు చేసే పిల్ల గురించి స్వయంగా రాసినవాళ్లకు కొత్తగా బట్టీ పట్టాల్సింది ఏమీ ఉండదు. భార్యనో భర్తనో వెంట తీసుకెళ్లడం 2024 జనవరి నుంచి రీసెర్చ్ కోర్సులవాళ్లకూ, ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద చదివేవాళ్లకూ మాత్రమే పరిమితం, సొంత ఖర్చుతో చేసే ఈ మాస్టర్స్‌కి కుదరదు.

ప్రభుత్వ టీచర్లు విదేశానికి వెళ్లడానికి, సెలవుకు శాఖ అనుమతి తీసుకోవాలి. ఫైలు హెడ్మాస్టర్ నుంచి ఎంఈఓ, డీఈఓ మీదుగా పైకి వెళ్లేసరికి నెలలు పడుతుంది. ఆఫర్ కాపీ రాగానే పెట్టేయండి, ఉత్తర్వు చేతికి వచ్చాకే డిపాజిట్ కట్టండి.