కంట్రోల్ వాల్వ్ మొత్తం మార్చకుండా ట్రిమ్ మారిస్తే చాలు

పైపు 3 అంగుళాలు కదా అని వాల్వ్ కూడా 3 అంగుళాలదే పెట్టేస్తారు. అది అవసరానికి మించి పెద్దది కావడంతో రోజంతా 10–15 శాతం దగ్గరే తెరుచుకుని ఊగుతూ ఉంటుంది, లోపలి ప్లగ్, సీటు (ఇలాంటి లోపలి భాగాలనే ట్రిమ్ అంటారు) అరిగిపోతాయి. ఆపరేటర్ విసిగిపోయి లూప్‌ను (ఆటోమేటిక్ నియంత్రణను) మాన్యువల్‌లో పెడతాడు.

వాల్వ్‌కు ముందు, వెనక గేజ్‌లు చూసి తేడా బార్‌లలో రాసుకోండి. ఫ్లో గంటకు ఎన్ని ఘనపు మీటర్లో చూడండి. నీళ్లకైతే ఫ్లోను ఆ తేడా వర్గమూలంతో భాగిస్తే కావలసిన కేవీ (1 బార్ తేడాకు వాల్వ్ గుండా గంటకు ఎన్ని ఘనపు మీటర్ల నీళ్లు పోతాయో చెప్పే అంకె) వస్తుంది. 18 ఘనపు మీటర్లు, 1.4 బార్ తేడా అంటే సుమారు 15. గరిష్ఠ ఫ్లో 22, అప్పుడు తేడా 1.2 అయితే దాదాపు 20. లీనియర్ ట్రిమ్‌లో (తెరిచిన శాతానికి తగ్గట్టే కేవీ పెరిగేది) కేవీ 25 ఉన్నది తీసుకుంటే మామూలుగా 60 శాతం, గరిష్ఠంగా 80 శాతం తెరుచుకుంటుంది. అంతే కావాలి. ఈక్వల్ పర్సంటేజ్ ట్రిమ్ (తెరిచే కొద్దీ కేవీ మరింత వేగంగా పెరిగేది) అయితే ఓపెనింగ్ కంపెనీ పట్టికలోనే చూడాలి.

చాలా గ్లోబ్ వాల్వ్‌లకు అదే బాడీలో పట్టే చిన్న ట్రిమ్ దొరుకుతుంది. లైన్ కోయనక్కర్లేదు, వెల్డింగ్ పర్మిట్ గోల ఉండదు. పట్టికలో సీవీ (అమెరికన్ యూనిట్లలో కేవీ లాంటిదే) ఇచ్చి ఉంటే మన కేవీని 1.156తో గుణించి చూసుకోండి.

ఆవిరికి, గ్యాస్‌కు, మరిగే స్థాయికి దగ్గరగా ఉన్న వేడినీళ్లకు మాత్రం ఈ లెక్క పనికిరాదు. వాటికి కంపెనీవాళ్ల సైజింగ్ షీట్ తెప్పించుకోవాల్సిందే.