ఫ్రెంచ్ ప్రెస్ కాఫీ: పొడి ముతకగా, చెయ్యి నెమ్మదిగా

ఫ్రెంచ్ ప్రెస్ అంటే కాఫీ కాచే గాజు పాత్ర; దాని మూతకు ప్లంజర్, అంటే అడుగున లోహపు జాలీ ఉండి కిందికి నొక్కే కడ్డీ, ఉంటుంది. ఇందులో కాఫీ సరిగా రాకపోతే చాలామంది గింజల్ని అనుమానిస్తారు. ముందు చూడాల్సింది పొడిని. ఈ పద్ధతిలో పొడి మొదటి నుంచి చివరిదాకా నీళ్లలోనే మునిగి ఉంటుంది. అందుకే మెత్తగా ఆడిస్తే చేదు, వగరు ఎక్కువగా దిగుతాయి. సన్నని నలుసు జాలీ సందుల్లోంచి జారి కప్పు అడుగున మడ్డిగా పేరుకుంటుంది. పొడి దంచిన కల్లుప్పు అంత ముతకగా ఉండాలి. గింజల్ని రెండు పళ్ల చక్రాల మధ్య ఒకే సైజులో నలిపే బర్ గ్రైండర్ ఉంటే మంచిది. బ్లేడు గ్రైండర్‌లో దుమ్మూ, పెద్ద ముక్కలూ కలిసే వస్తాయి. ఉన్నది అదే అయితే ఆపి ఆపి తిప్పుతూ మధ్యమధ్య జార్‌ను కుదపండి. తర్వాత సన్న జల్లెడతో దుమ్మును తీసేయండి.

కొలత: 480 మిల్లీలీటర్ల నీటికి 30 గ్రాముల పొడి. త్రాసు లేకపోతే టేబుల్ స్పూన్‌తో తలకొట్టి సుమారు 6 వేయొచ్చు. కానీ గింజ ఎంత వేగిందన్నదాన్ని బట్టి స్పూను బరువు మారుతుంది కాబట్టి త్రాసునే నమ్మండి.

ముందుగా గాజు పాత్రలో వేడినీళ్లు తిప్పి పారబోయండి. కాఫీ త్వరగా చల్లారదు, చల్లటి గాజు మీద మరిగే నీళ్లు పడి పగిలే ప్రమాదమూ తగ్గుతుంది. పొడి వేసి, నీళ్లు మరిగాక అర నిమిషం ఆగండి. నీటి వేడి 92 నుంచి 96 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే చాలు. మొదట 60 మిల్లీలీటర్లు పోసి పొడంతా తడిసేలా కలపండి. తాజాగా వేయించిన గింజలైతే లోపలి కార్బన్ డయాక్సైడ్ బయటికొచ్చి పొడి పొంగుతుంది. 30 సెకన్ల తర్వాత మిగతా నీళ్లు పోసి, ప్లంజర్ పైకే ఉంచి మూత పెట్టండి.

మొదటి నీళ్లు పోసినప్పటి నుంచి 4 నిమిషాలు లెక్కపెట్టండి. అప్పుడు మూత తీసి, పైన గట్టిపడిన పొరను స్పూనుతో మెల్లగా కలిపితే పొడి చాలావరకు అడుగుకు దిగుతుంది. పైన మిగిలిన నురగను, తేలే పొడిని తీసేయండి. వీలుంటే ఇంకో 4 నిమిషాలు కదపకుండా వదిలేయండి. ఈ ఆగడం వృథా కాదు, నలుసు అడుగుకు చేరి కాఫీ తేటపడుతుంది. ఆ తర్వాత ప్లంజర్‌ను కాఫీ పైభాగాన్ని తాకేదాకా దించి నెమ్మదిగా వంపండి. అడుగుదాకా నొక్కి పొడిని పిండితే దిగిన నలుసు మళ్లీ లేస్తుంది. ప్లంజర్ మొరాయిస్తే పొడి మరీ మెత్తగా ఉన్నట్టే. బలవంతం చేయకండి, గాజు పగలొచ్చు, వేడి కాఫీ చేతి మీద చిమ్మొచ్చు. కొంచెం పైకి లాగి మళ్లీ దించండి.

కాఫీ మొత్తం ఒకేసారి వేరే పాత్రలోకి వంపేయండి. ప్రెస్‌లోనే వదిలేస్తే పొడి సారం దిగుతూనే ఉండి రెండో కప్పు చేదెక్కుతుంది. పుల్లగా, పలచగా వస్తే పొడిని కాస్త సన్నగా ఆడించండి, లేదా నీళ్లను ఇంకాస్త వేడిగా వాడండి. చేదుగా, నాలుక పట్టేసేలా ఉంటే ముతక పెంచండి. పొడి ముతకనూ, నీటి వేడినీ ఒకేసారి మారిస్తే దేనివల్ల రుచి మారిందో తెలియదు.

లోహపు జాలీ కాఫీ నూనెల్ని ఆపదు. ఈ కాఫీ చిక్కదనం వాటి వల్లే. అయితే వాటిలోని కఫెస్టాల్ అనే పదార్థం ఎల్‌డీఎల్ (చెడు) కొలెస్ట్రాల్‌ను పెంచుతుంది. ఆ సమస్య ఉన్నవాళ్లు రోజూ తాగేదాన్ని కాగితం ఫిల్టర్‌తో వడకట్టుకోవడం మేలు.

ఆ నూనెలే జాలీలో మిగిలితే మక్కిన వాసన వస్తుంది. ప్రతిసారీ కడిగినా, వారానికోసారైనా ప్లంజర్ అడుగున ఉన్న బిళ్లలు, జాలీ మర విప్పి సబ్బుతో రుద్దండి. జాలీ అంచు వంగితే గాజుకూ దానికీ మధ్య సందు ఏర్పడి పొడి కప్పులోకి వస్తుంది. అప్పుడు ఒక్క జాలీ మారిస్తే చాలు.