రారొటొంగా వెళ్లేవారికి జాగ్రత్తలు: గండ్ల దగ్గర నీళ్లలోకి దిగవద్దు

న్యూజిలాండ్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు జులై చలిలో పిల్లల సెలవులు రాగానే గుర్తొచ్చే చోట్లలో దక్షిణ పసిఫిక్ సముద్రంలో ఉన్న కుక్ దీవుల్లోని రారొటొంగా ఒకటి. తీరం వెంట తిరిగే రోడ్డు మొత్తం 32 కిలోమీటర్లే కాబట్టి, ఇంత చిన్న దీవిలో ఏమవుతుందిలే అన్న ధీమా దిగిన రోజే వచ్చేస్తుంది. ఆ ధీమాను చూసే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందుగా తేదీల సంగతి. అంతర్జాతీయ దినరేఖ దాటడం వల్ల ఆక్లాండ్‌లో శనివారం ఉదయం విమానం ఎక్కినవారు దాదాపు నాలుగు గంటల్లో దిగేది శుక్రవారం నాడు. గది బుక్ చేసేటప్పుడు అక్కడి తేదీనే చూసుకోవాలి. ఇండియా నుంచి మన పాస్‌పోర్టుతో ఆక్లాండ్ మీదుగా వెళ్లే తల్లిదండ్రులకు న్యూజిలాండ్ ట్రాన్సిట్ వీసా (దారిలో విమానం మారడానికి కావలసిన అనుమతి) నియమాలేమిటో టికెట్ కొనకముందే కనుక్కోవాలి.

అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్త నీళ్ల దగ్గర కావాలి. దీవి చుట్టూ పగడపు దిబ్బ గట్టు కట్టినట్టు ఉంటుంది; ఆ దిబ్బకూ ఒడ్డుకూ మధ్య మోకాలి లోతు, నడుము లోతు నీరు అడుగు ఇసుక కనిపించేంత తేటగా నిలిచి ఉంటుంది. దీన్నే లగూన్ అంటారు. మన చెరువును తలుచుకుంటే దీని తీరు తేలిగ్గా అర్థమవుతుంది. బయటి సముద్రపు కెరటాలు దిబ్బ మీదుగా నీటిని లోపలికి పోస్తూనే ఉంటాయి, చేరిన నీరు తిరిగి సముద్రంలోకి పోవడానికి దిబ్బలో అక్కడక్కడ ఉన్న గండ్లే పెద్ద దారి. దక్షిణ తీరంలోని అవావారోవా, పపువా, రుటాకి గండ్లు ఇలాంటివే. అలలు పెద్దవిగా ఉన్న రోజున, అందులోనూ పోటు తగ్గి నీరు వెనక్కి తీసే వేళ, అక్కడి లాగుడు వరదలో ఉన్న ఏటిని తలపిస్తుంది. మంచి ఈతగాళ్లు కూడా అక్కడ ప్రాణాలు పోగొట్టుకున్నారు.

కొత్తవారు పొరబడేది కంటికి కనిపించే దాన్ని నమ్మి. రెండు పక్కలా అలలు తెల్లగా విరుగుతుంటే గండి మాత్రం ముదురు నీలంగా, నున్నగా, నురుగు లేకుండా కనిపిస్తుంది. అదే నెమ్మదైన చోటు అనిపిస్తుంది. అదే దక్షిణ తీరంలోని టిటికవేకా ఊరి వైపు ఒకసారి గండికి చాలా దూరంలోనే నడుము లోతు నీటిలో నిలబడ్డాను. మడమల కింది ఇసుక మెల్లగా జారిపోతూ, పక్కనే తేలుతున్న ఆకు ఒకటి ఎవరో దారం కట్టి లాగుతున్నట్టు నేరుగా దిబ్బ వైపు సాగిపోయింది. ఆ క్షణానే ఒడ్డుకు వచ్చేశాను. స్నార్కెలింగ్ చేసేవారు గొట్టంతో ఊపిరి పీలుస్తూ ముఖం నీళ్లలోనే ఉంచి చేపల వెంట పోతారు కాబట్టి, ఒడ్డున ఒక కొబ్బరిచెట్టునో ఇంటి కప్పునో గుర్తు పెట్టుకుని నిమిషానికి ఒకసారి తల ఎత్తి చూసుకోవాలి. ఏ చోట దిగవచ్చో బస ఇచ్చినవారిని ఆ రోజుకారోజు అడగాలి, ఒంటరిగా దిగకూడదు. పొరపాటున కొట్టుకుపోతే ప్రవాహానికి ఎదురు ఈది అలిసిపోవద్దు. వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి సాయం కోరాలి.

నీళ్లలో రబ్బరు అడుగు ఉన్న బూట్లు తప్పనిసరి. పగడం గీసుకున్న గాయం చిన్నదైనా చీము పట్టే గుణం ఉన్నది, వెంటనే మంచినీళ్లతో కడిగి మందు రాయాలి. అందమైన శంఖువులను చేత్తో తీయవద్దు, కొన్నిటికి విషపు ముల్లు ఉంటుంది. లగూన్‌లో పట్టిన చేపల్లో కొన్నిటికి సిగ్వాటెరా అనే విషం ఉండవచ్చు, ఎంత ఉడికించినా అది పోదు. చేప ఎక్కడిదో అడిగి తినండి.

ఇక స్కూటరు. రోడ్డుకు ఎడమ వైపే నడపాలి కాబట్టి మనకు కొత్త ఉండదు, చిక్కు కూడా ఆ ధీమాలోనే ఉంది. కారు లైసెన్సు ఒక్కటే ఉన్నవారికి స్కూటరు నడిపే అర్హత ఉన్నదో లేదో, ప్రమాదం జరిగితే బీమా వర్తిస్తుందో లేదో బయల్దేరకముందే తేల్చుకోవాలి. 2020 నుంచి అందరికీ హెల్మెట్ తప్పనిసరి. రాత్రివేళ చాలాచోట్ల దీపాలు ఉండవు, కుక్కలు, కోళ్లు అడ్డం వస్తాయి. పెద్దవాళ్లు, చంటిపిల్లలు ఉంటే బస్సే మేలు: ఒకటి దీవిని కుడి చుట్టుగా, మరొకటి ఎడమ చుట్టుగా తిరుగుతుంది, రోడ్డు పక్కన చెయ్యెత్తితే ఆపుతారు. ఆదివారం బస్సులు తక్కువ, దుకాణాలు చాలావరకు మూసి ఉంటాయి కాబట్టి శనివారమే సరుకులు తెచ్చుకోవాలి.

మలేరియా లేదు గాని డెంగీ వస్తూ ఉంటుంది, దోమల మందు పగలు కూడా రాసుకోవాలి. ఆసుపత్రి చిన్నది, పెద్ద చికిత్స అవసరమైతే న్యూజిలాండ్‌కు విమానంలో తరలించవలసి వస్తుంది. ఆ ఖర్చును భరించే బీమా లేకుండా వెళ్లకూడదు. నవంబరు నుంచి ఏప్రిల్ వరకు తుఫానుల కాలం. 2005లో అయిదు వారాల్లో అయిదు తుఫానులు ఆ దీవుల చుట్టుపక్కల విరుచుకుపడ్డాయి. ఆ నెలల్లో వెళ్లేవారు తేదీ మార్చుకోగల టికెట్లే కొనాలి.

దీవిని అడ్డంగా దాటే కొండదారి మూడు నాలుగు గంటల నడక. 413 మీటర్ల టె రువా మంగా శిల పక్కగా, చెట్ల వేళ్లు పట్టుకుని ఎక్కి దిగే ఆ దారి వాన పడితే జారుడుబండే అవుతుంది. ముందురోజు వాన కురిసి ఉంటే మానుకోండి. వెళితే ఉదయమే బయల్దేరి, ఏ గంటకు తిరిగి వస్తామో బసలో ఎవరికైనా చెప్పి వెళ్లండి.