ప్రమాణాన్ని తూచడం ఎలా: కొబ్బరికాయ, కాణిపాకం, పక్కచేని బావి

మా చిత్తూరు వైపు ‘ప్రమాణం’ అనే మాట రెండు చోట్ల రెండు రకాలుగా వినిపిస్తుంది. అప్పు తగాదా ఎంతకీ తెగనప్పుడు ఊరి పెద్దలు కాణిపాకం వినాయకుడి ఎదుట ప్రమాణం చేయమంటారు. తిరుపతి సంస్కృత విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం, అంటే మన పాత తర్కశాస్త్రం చదివే విద్యార్థికి మాత్రం ప్రమాణమంటే ఒక సంగతి నిజమో కాదో తెలుసుకునే సాధనం. ప్రత్యక్షం (స్వయంగా చూడడం), అనుమానం (గుర్తును బట్టి తెలుసుకోవడం), ఉపమానం (పోలిక), శబ్దం (నమ్మదగినవారి మాట) అని ఆ శాస్త్రం వాళ్లైన నైయాయికులు వాటిని నాలుగుగా చెప్పారు. ఈ రెండవ అర్థంలోని ప్రమాణానికి సంభావ్యత లెక్కను జోడించి, నమ్మకానికీ నీతికీ సంబంధించిన ప్రశ్నలను ఎలా పరిశీలించవచ్చో మా రైతులకు బాగా తెలిసిన ఒక ఉదాహరణతో వివరిస్తాను.

పలమనేరు, కుప్పం వైపు బోరు వేయించే ముందు నీళ్లు చూసే మనిషిని పిలిపించడం మామూలు. ఆయన అరచేతిలో కొబ్బరికాయను పడుకోబెట్టుకుని చేనంతా నడుస్తాడు. కాయ నిలువుగా లేచిన చోట నీళ్లున్నట్టు. మా నాయన ఆ పద్ధతిలోనే మూడు బోర్లు వేయించారు. రెండు ఎండుబోర్లయ్యాయి. నీళ్లు పడిన ఆ ఒక్కదాని గురించే మా ఇంట్లో ఈ రోజుకూ చెప్పుకుంటాం.

మొదట చేయవలసిన పని, నమ్మకాన్ని ఓడిపోవడానికి వీలున్న వాక్యంగా రాసుకోవడం. ‘ఆయన చేతిలో మహిమ ఉంది’ అనే వాక్యం ఏ బోరు ఎండినా ఓడిపోదు. ‘ఆయన చూపిన చోట ఆరు వందల అడుగుల లోపల కనీసం రెండించిల నీళ్లు పడతాయి’ అనేది ఓడిపోగల వాక్యం. దీన్ని రిగ్గు లారీ చేనిలోకి రాకముందే తేదీ వేసి రాసిపెట్టాలి. రాయకపోతే, బోరు ఎండిన తరువాత ముహూర్తం బాగాలేదనో, ఎవరో మైలతో చేనిలో అడుగుపెట్టారనో వచ్చే సాకులు ఆ వాక్యాన్ని మనకు తెలియకుండానే మార్చేస్తాయి.

తరువాత ఒక కాగితం మీద నాలుగు గడులు గీయండి. కాయ లేచింది, నీళ్లు పడ్డాయి. కాయ లేచింది, నీళ్లు పడలేదు. కాయ లేవలేదు, నీళ్లు పడ్డాయి. కాయ లేవలేదు, నీళ్లు పడలేదు. ఊరంతా చెప్పుకునేది మొదటి గడి సంగతి. రెండవ గడిలోని వాళ్లు అప్పు చెప్పుకోవడానికి సిగ్గుపడి మౌనంగా ఉంటారు. అన్నిటికన్నా ముఖ్యమైన చివరి రెండు గడులు దాదాపు ఖాళీగా ఉంటాయి, ఎందుకంటే కాయ లేవని చోట డబ్బు పోసి బోరు వేసే రైతు ఉండడు. అక్కడ కూడా నీళ్లు ఉండేవేమో అన్న ప్రశ్నకు జవాబు భూమిలోనే ఉండిపోతుంది. పొగ ఉన్న చోటల్లా నిప్పు ఉంటుందని చెప్పడానికి వంటింటిని చూపించిన తార్కికులు, నిప్పు లేని చెరువులో పొగ కూడా లేదని చూపించడం మరిచిపోలేదు. ఆ చెరువు ఉదాహరణే మనకు ఇక్కడ కరవైంది.

కాయ చూపించకుండా వేసిన బోర్లు మీ ఊళ్లో కొన్నైనా ఉంటాయి. వాటిలో ఎన్నింటికి నీళ్లు పడ్డాయో అడిగి రాసుకోండి. మా నేల అడుగున గట్టి గ్రానైటు, నైస్ రాళ్లున్నాయి. నీళ్లు పైనున్న శిథిలమైన పొరలోనూ, రాతి పగుళ్లలోనూ మాత్రమే నిలుస్తాయి కనుక, ఒక్కో ఊళ్లో ఈ సంఖ్య ఒక్కో విధంగా ఉంటుంది.

లెక్క కోసం మీ ఊళ్లో నూటికి అరవై బోర్లకు నీళ్లు పడతాయనుకుందాం. నీళ్లు చూసేవాళ్లు నూరుమందిలో పదిమందికి నిజంగా ఆ శక్తి ఉందనీ, ఆ పదిమంది చూపిన చోట్లలో నూటికి తొంభై ఫలిస్తాయనీ మొదట ఒప్పుకుందాం. ఆ నూరుమందీ తలా ఒక చోటు చూపితే, శక్తి ఉన్న పదిమందిలో తొమ్మిదిమందికి, శక్తి లేని తొంభైమందిలో ఊరి మామూలు లెక్కన యాభై నలుగురికి నీళ్లు పడతాయి. అంటే గెలిచిన అరవై ముగ్గురిలో శక్తి ఉన్నవాళ్లు తొమ్మిదిమందే. ఒక బోరు ఫలించినందువల్ల మన నమ్మకం నూటికి పది నుంచి పద్నాలుగుకు మాత్రమే పెరగాలి. అదే ఒక బోరు ఎండితే, ఓడిన ముప్పై ఏడుగురిలో శక్తి ఉన్నవాడు ఒక్కడే కనుక, నమ్మకం మూడు లోపలికి పడిపోవాలి. మన ఇళ్లలో జరిగేది దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఈ లెక్క వెనుక ఉన్నది ఇంగ్లండు గణితజ్ఞుడు థామస్ బేయ్స్ చనిపోయిన రెండేళ్లకు, 1763లో అచ్చయిన సిద్ధాంతమే అయినా, దాన్ని వాడుకోవడానికి కూడికలూ భాగహారాలూ వస్తే చాలు.

బోరు వేయకుండానే చేయగల పరీక్ష ఒకటుంది. ఒకే చేనిని ఇద్దరికి వేరువేరు రోజుల్లో చూపించండి. మొదటివారు పెట్టిన గుర్తులు రెండవవారికి కనిపించకూడదు. ఒకరికి కాయ లేచిన చోట మరొకరికి లేవకపోతే కనీసం ఒకరు పొరబడినట్టే. విద్యుత్ నిరోధకత కొలిచి చోటు చెప్పే భూగర్భ శాస్త్రజ్ఞుడికీ, పుట్టలనూ చెట్లనూ గుర్తులుగా తీసుకోమన్న వరాహమిహిరుడి దకార్గళానికీ (‘బృహత్సంహిత’లో నేల అడుగు నీళ్ల జాడ చెప్పే అధ్యాయం) ఇదే నాలుగు గడుల కాగితం వర్తిస్తుంది. పాతదన్న కారణంగా ఒకదాన్ని కొట్టేయడం, యంత్రం ఉన్నదన్న కారణంగా మరొకదాన్ని ఒప్పుకోవడం, రెండూ పరీక్షను తప్పించుకోవడమే.

దీనితో భక్తిని కొలవాలని నా ఉద్దేశం కాదు. అలిపిరి మెట్లెక్కి మొక్కు తీర్చుకున్న మనిషి ‘నా మనసు కుదుటపడింది’ అంటే, దానికి ఆయనే సాక్షి. ‘మొక్కుకున్నందువల్లే బోరుకు నీళ్లు పడ్డాయి’ అంటే మాత్రం, మొక్కుకున్నవాళ్లలో ఎండుబోర్లు ఎన్ని అని అడగవలసి వస్తుంది.

ఇక కాణిపాకం ప్రమాణం. ఒకడు ప్రమాణానికి సిద్ధపడ్డాడంటే అతని మాటకు ఎంత బలం వస్తుంది? అబద్ధమాడేవాడు ఎంత తరచుగా వెనక్కి తగ్గుతాడన్నదాని మీదే అది ఆధారపడి ఉంటుంది. దైవభయం నిండా ఉన్న మనిషి సిద్ధపడితే అది గట్టి సాక్ష్యం. ఆ భయం లేనివాడికి ప్రమాణం ఏ ఖర్చూ లేని మాట. వెనక్కి తగ్గిన వాడిని వెంటనే దొంగ అనడం ఇంకా పెద్ద తప్పు, ఎందుకంటే దేవుణ్ణి డబ్బు తగాదాలోకి లాగడమే పాపమని భావించే నిర్దోషులు కూడా ఉన్నారు. ప్రమాణం చేసిన మూడు నెలల్లో ఆ ఇంట్లో ఎవరికో జబ్బు చేసిందనీ, కాబట్టి అతడు అబద్ధమాడాడనీ అనేవాళ్లు, ప్రమాణం చేయని ఇళ్లలో ఆ మూడు నెలల్లో ఎన్ని జబ్బులు వచ్చాయో లెక్కపెట్టాలి. జబ్బుపడిన బిడ్డ తల్లిదండ్రులను నలుగురిలో దోషులుగా నిలబెట్టడం నేను చూశాను. ఒకరిని దోషి అనడం వల్ల వాళ్లకు కలిగే నష్టం ఎంత పెద్దదైతే, మనం అడగవలసిన సాక్ష్యం అంత బలంగా ఉండాలి. చేబదులు ఇవ్వకపోవడానికి సరిపోయే అనుమానం వెలివేతకు సరిపోదు.

నీతి ప్రశ్నలో సంభావ్యత చేయగలిగిందీ చేయలేనిదీ ఇక్కడే విడిపోతాయి. ఉన్న సంగతుల నుంచి చేయవలసిన పని నేరుగా పుట్టదని స్కాట్లండు తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ 1740లో ఎత్తి చూపారు. మీ కొత్త బోరు వల్ల పక్కచేని బావి ఎండుతుందా అన్నది కొలిచి తెలుసుకోగల సంగతి. ఎండే అవకాశం ఉన్నా వేయవచ్చా అన్నది కొలతతో తేలదు. లాభం మీకు, నష్టం ఆయనకు వచ్చేటప్పుడు రెండింటినీ ఒకే తక్కెడలో వేసి లాభం ఎక్కువగా ఉందనడం నాకు న్యాయంగా తోచదు. పక్కబావి ఎండడానికి నూటికి ఇరవై వంతుల అవకాశం ఉందంటే, మీ అప్పు ముందు అది చిన్నది కావచ్చు, ఆ ఒక్క బావి మీదే బతికే ఇంటికి అది పెద్దది. అందుకే కొలతను ముందు, మాటను తరువాత పెట్టుకోండి. మీకు ఇప్పటికే ఉన్న బోరు మోటారును ఒక పూట ఆపి, పక్కబావిలో ముడులు వేసి రాయి కట్టిన తాడు దించి నీటిమట్టం చూడండి. మరో పూట మోటారు నడిపి మళ్లీ చూడండి. ఇలా వారం రోజులు రాసుకోండి. తాడు దించేటప్పుడు ఆ బావి రైతును కూడా గట్టు మీద నిలబెట్టుకోండి. ఏ ముడి వరకు తడిసిందో ఆయన కూడా చూడాలి.